ఆపరేషన్ తొడుగు

గడ్డం గీసే మనిషి కత్తి కడిగి వెనక్కి తిరిగేసరికి కుర్చీలో కస్టమరు చనిపోయి ఉన్నాడు.

మెడ చుట్టూ తెల్లగుడ్డ, చెంపల నిండా నురగ. అద్దంలో చూస్తే కునుకు తీస్తున్నట్టే ఉంది. చెవి వెనక సూది గుచ్చిన ఎర్రచుక్క ఒక్కటే తేడా. పక్క కుర్చీలో పేపరు చదువుతున్న పెద్దమనిషి ఆ పేపరు మడిచి పెట్టి ఎప్పుడు లేచి వెళ్ళాడో ఎవరూ గమనించలేదు.

చనిపోయినవాడు నది కింద సొరంగానికి కంట్రోల్ ఇంజనీరు. ఆ ఉదయమే అతను సెక్యూరిటీ డిపార్టుమెంటుకి ఫోన్ చేసి, సొరంగం సాఫ్ట్‌వేర్‌లో ఏదో తేడాగా ఉందని, గడ్డం గీయించుకుని వచ్చి వివరంగా చెబుతానని అన్నాడు. చెప్పడానికి మిగల్లేదు.

ఆ వెంటనే దర్జీకి పిలుపు వచ్చింది.

దర్జీ బట్టలు కుట్టడు. చదివింది కంప్యూటర్ ఇంజనీరింగ్, చేసేది గూఢచారి ఉద్యోగం. ఏ వేషం వేసినా కొలతలు తీసి కుట్టినట్టు సరిపోతుందని డిపార్టుమెంటులో ఆ పేరు పెట్టారు. ఆఫీసు కూడా అలాంటిదే. బయట బోర్డు మీద కుట్టు మిషన్లు బాగుచేయబడును అని ఉంటుంది. లోపల నూనె వాసన, గోడలకి వేలాడే బెల్టులు, కౌంటరు దగ్గర ముఖం ఎత్తని ఒక మనిషి.

"మా మిషన్ దారం తెంపుతోంది," అన్నాడు దర్జీ.

"సూది మార్చావా?"

"కుట్టేవాణ్ణి మార్చాను."

కోడ్ సరిపోయింది. కౌంటరు మనిషి వెనక గది తలుపు తీశాడు.

గదిలో పెద్దాయన ఉన్నాడు. డిపార్టుమెంటుకి ఆయనే చీఫ్. పరిచయాలు, పలకరింపులు ఆయనకి గిట్టవు. విషయంలోకి దిగిపోయాడు. పరాయి దేశపు ముఠా ఒకటి కొన్నేళ్ళుగా మన రహస్యాలు అమ్ముకుంటోంది. ఆ ముఠా సంకేత భాషని ఒక రిటైరైన లెక్కల టీచరమ్మ ఛేదించింది. ఎవరెవరు అమ్ముడుపోయారో ఆమెకి తెలుసు. ఆమె బుర్రలో తప్ప ఆ సంగతి ఇంకెక్కడా లేదు. ఈ మధ్యాహ్నం ఆమెని వ్యాన్‌లో నది అవతల ఉన్న కోర్టుకి చేర్చాలి. వంతెన రిపేరులో ఉంది కాబట్టి మిగిలిన దారి సొరంగం ఒక్కటే.

"సొరంగానికి కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టిన కంపెనీ యజమానిని కాంట్రాక్టరు అంటారు. ముఠా మనిషని మన అనుమానం. నువ్వు కంట్రోల్ రూమ్‌లోకి వెళ్ళి, వాడు అందులో ఏం పెట్టాడో చూసి, వ్యాన్ లోపలికి వెళ్ళేలోపు తీసెయ్యాలి."

"లోపల మన మనిషి ఉన్నారా సార్?"

"తూనీగ. ఆ కంపెనీలో సాఫ్ట్‌వేర్ హెడ్."

"నమ్మొచ్చా?"

"మన దగ్గర జీతం తీసుకుంటుంది. అక్కడా తీసుకుంటుంది. ఏ రోజు ఎవరికి సెలవు పెడుతుందో నాకు తెలీదు."

దర్జీ లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, వ్యాన్ ఎవరు నడుపుతున్నారని అడిగాడు.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"మీ బావ."

 బావని ఈ డిపార్టుమెంటులో డ్రైవరుగా చేర్పించింది దర్జీయే. లారీల మీద ఊళ్ళు తిరిగే మనిషి రోజూ ఇంటికి వస్తాడు కదా అనుకున్నాడు. అక్క మాత్రం అలా అనుకోలేదు. నా మొగుడికి ఏమన్నా అయితే జన్మలో నీ గుమ్మం తొక్కను అని, కూర తరుగుతూ, తల కూడా ఎత్తకుండా చెప్పింది. అరిచి చెప్పి ఉంటే దర్జీ మర్చిపోయేవాడే.

* * *

కంట్రోల్ రూమ్ భవనం గేటు దగ్గర దర్జీ ఏసీ మెకానిక్. ఖాకీ చొక్కా, జేబులో టెస్టరు, పై పెదవి మీద అతికించిన మీసం. స్క్రూడ్రైవర్ పిడిలో పెన్‌డ్రైవ్, చేతి వాచీలో వ్యాన్‌తో మాట్లాడే రేడియో. అతని ముందు లైనులో ఒక ప్లంబరు, ఒక లేడీ డాక్టరు, నీళ్ళ క్యాన్లు మోసే మనిషి. గార్డు వాళ్ళ ముఖాలు చూడటం లేదు. అందరినీ ఒకే మాట అడుగుతున్నాడు. పాస్ చూపించు. చూపించిన వాళ్ళు లోపలికి పోతున్నారు. దర్జీ కూడా పోయాడు.

కంట్రోల్ రూమ్ నేల కింద ఉంది. కిటికీల్లేవు. ఒక గోడంతా స్క్రీన్లు, ఇంకో గోడకి మనిషెత్తు సర్వర్ రాక్‌లు, మధ్యలో పొడుగాటి టేబులు. చేతులు విరిగిన కుర్చీ మీద ఎవరిదో స్వెట్టర్ వేలాడుతోంది. ఆపరేటర్లని ట్రైనింగ్ పేరుతో ఉదయమే పైకి పంపేశారు.

టేబుల్ అంచున తూనీగ కూర్చుని ఉంది. ఆకుపచ్చ సిల్కు కోటు, నేల మాళిగలో కూడా నల్లకళ్ళద్దాలు. సెంటు వాసన సర్వర్ల వేడిని కూడా తోసేస్తోంది.

"మీసం ఎడమవైపు లేస్తోంది దర్జీగారూ," అంది.

అతను మీసం నొక్కుకునేలోపు వెనక స్టీలు తలుపు మూసుకుంది. తాళం లోపలికి దిగిన చప్పుడు ఇద్దరికీ వినపడింది. తూనీగ అద్దాలు తీసింది. కళ్ళల్లో ఆశ్చర్యం నిజంగానే ఉంది.

సీలింగులోని స్పీకరు మాట్లాడింది. కాంట్రాక్టరు గొంతు మెత్తగా, బ్యాంకులో లోన్ ఆఫీసరు గొంతులా ఉంది. ఇదే భవనం పై అంతస్తులో తన గదిలో ఉన్నానని, మర్యాద కోసం ముందే చెబుతున్నానని అన్నాడు. వ్యాన్ అనుకున్న దానికంటే ముందే సొరంగంలోకి వచ్చిందట. రెండు చివర్లా షట్టర్లు దించాడట. ఫ్యాన్లు ఆపేశాడట. వాన నీళ్ళని బయటికి తోడే పంపుల్ని తిప్పేశాడు, ఇప్పుడవి నది నీళ్ళని లోపలికి తోడుతున్నాయట.

"మరి నేను?" అంది తూనీగ.

"రెండు జీతాలు తీసుకునేవాళ్ళకి రెండు తలుపులు ఉండవు మేడమ్. కోడ్ మీ ఎదురుగానే ఉంది. ఎన్ని చోట్ల దిద్దుకుంటారో దిద్దుకోండి."

గోడ మూలనున్న గొట్టం బుస్సుమంది. సర్వర్ రూముల్లో మంటలార్పే గ్యాసు అది. మంటకి అందాల్సిన గాలిని తోసేస్తుంది. మనిషికి అందాల్సిన గాలిని కూడా. బరువైన గ్యాసు, నేల మీది నుంచి పైకి నిండుతుంది. ఇద్దరూ టేబుల్ ఎక్కారు. దర్జీ కీబోర్డు లాగి రాక్ పైన పెట్టుకున్నాడు. పెళ్ళి ఫోటోకి నిలబడ్డట్టు పక్కపక్కనే నిలబడాల్సి వచ్చింది.

వాచీలోంచి బావ గొంతు వచ్చింది.

"బామ్మర్దీ, ముందు దారి మూసుకుంది, వెనక దారీ మూసుకుంది. లైట్లు కూడా పోయాయి. మీవాళ్ళు కరెంటు బిల్లు కట్టలేదా?"

"లైట్లా? ఫ్యాన్లు తిరుగుతున్నాయా బావా?"

"బ్రహ్మాండంగా తిరుగుతున్నాయి. టీచరమ్మగారు శాలువా కప్పుకున్నారు. చక్రాల కింద నీళ్ళు మాత్రం బాలేదు."

దర్జీ తూనీగ వైపు చూశాడు. ఫ్యాన్లు ఆపేశానని వాడు చెప్పాడు. ఆగింది లైట్లు. అతను ఫ్యాన్ల ఫైలు తెరిచి చివరిదాకా చూశాడు. చివరి లైనులో ఫ్యాన్ పేరు ఉండాల్సిన చోట లైటు పేరు ఉంది.

లైట్ల కోడ్‌ని కాపీ కొట్టి ఫ్యాన్ల ఫైల్లో అతికించారు. అతికించినవాడు అన్ని చోట్లా పేరు మార్చి, ఒక్క చోట మర్చిపోయాడు. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు మాత్రమే చేసే తప్పు. ఆ తప్పు వల్లనే బావ ఇంకా ఊపిరి పీలుస్తున్నాడు.

"నేను రాసింది షట్టరుది ఒక్కటే," అంది తూనీగ, అటు చూడకుండా. "మిగతావి కూలికి తెచ్చినవాళ్ళు కాపీ కొట్టుకున్నారు. తలా ఒక రకంగా."

దర్జీకి విషయం అర్థమైంది. సొరంగంలో వస్తువులన్నీ వేర్వేరు కంపెనీలవి. సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఒక్కోటీ ఒక్కో రకం ఆబ్జెక్ట్. వాటి మధ్య ఏ చుట్టరికమూ లేదు. షట్టరుకి లేవడం, దిగడం తెలుసు. పంపుకి తోడటం తెలుసు. పంపుని పైకి లే అంటే దానికి అర్థం కాదు. కానీ ఆదేశం వచ్చినప్పుడు చేయాల్సిన తనిఖీ అన్నిటికీ ఒకటే. పంపింది ఎవరు, అతని పాస్‌వర్డ్ సరైనదా, సరైనదైతే పని చెయ్యి. ఆ తనిఖీ ఒక్కచోట ఉండాలి. ఇక్కడ అదే ముక్కని ప్రతి రకానికీ విడివిడిగా అతికించారు, ప్రతి ముక్కలోనూ ముఠా విషం ఉంది. పాస్‌వర్డ్ కాంట్రాక్టరుదైతే ఏం చెప్పినా చెయ్యి, ఇంకెవరిదైనా అయితే చెయ్యకు.

ముందు షట్టరు ఫైలు దిద్దాడు. స్క్రీన్ మీద షట్టరు జానెడు లేచింది. అవతల బావ ఇంజను రేజ్ చేసిన చప్పుడు వినపడింది. అంతలో పంపు ఫైల్లోని ముక్క మేలుకుంది. నీళ్ళొస్తే షట్టరు దించు అని అందులో ఉంది. షట్టరు దభీమని దిగిపోయింది.

పంపు ఫైలు దిద్దాడు. ఈసారి బారికేడ్ల ఫైలు షట్టరుని దించింది.

ఆ ముక్క ఎక్కడెక్కడ ఉందో వెతికి, ఒకేసారి మార్చేయాలని చూశాడు. సెర్చ్ కొన్నిటిని పట్టుకుంది, కొన్నిటిని పట్టుకోలేదు. ఒకడు లైన్లు అటూ ఇటూ చేశాడు, ఇంకొకడు పేర్లన్నీ మార్చేశాడు, మరొకడు ముక్కని రెండుగా విరిచి రెండు చోట్ల దాచాడు. ఎన్ని కాపీలు ఉన్నాయో కొట్టినవాళ్ళకే తెలీదు. కాంట్రాక్టరు కీబోర్డుని వాళ్ళ ముందే ఎందుకు వదిలేశాడో దర్జీకి అప్పుడు తెలిసింది. స్టీలు తలుపు పెద్ద లెక్క కాదు. అసలు బోను ఈ కోడే.

"కరెంటు తీసేస్తే?" అన్నాడు.

వైరింగు అంతా పై అంతస్తు నుంచే వస్తుందని, కరెంటు పోతే షట్టర్లు వాటంతటవే లేస్తాయి కాబట్టి కాంట్రాక్టరు తియ్యడని, మనం తియ్యలేమని తూనీగ చెప్పింది. గ్యాసు టేబుల్ అంచుకి వచ్చినట్టుంది. అది కంటికి కనపడదు. కింద కుర్చీలో మర్చిపోయిన లైటరుని ఆమె కాలి బొటనవేలితో పైకి తీసి, వెలిగించి, కిందికి దించింది. మోకాలి దగ్గర మంట ఆరిపోయింది.

దర్జీ కళ్ళు మూసుకున్నాడు. గేటు దగ్గర గార్డు గుర్తొచ్చాడు. ప్లంబరుని ఒక ప్రశ్న, డాక్టరుని ఒక ప్రశ్న, మెకానిక్‌ని ఒక ప్రశ్న అడిగే గార్డు అయితే వాడికి ముగ్గురి వృత్తులూ తెలియాలి. వాడికవేవీ తెలియవు. పాస్ ఒక్కటే తెలుసు.

"దిద్దడం మానేద్దాం," అన్నాడు. "ఆ కాపీల జోలికే పోవద్దు. వాటిని పిలిచేవాడు లేకుండా చేద్దాం."

"అంటే?"

"కొత్తగా ఒకే ఒక కాపలా రాస్తాను. తనిఖీ అంతా అందులోనే. అది ఎవరొచ్చినా ఒకటే అడుగుతుంది, నీ సురక్షిత స్థితికి వెళ్ళగలవా అని. షట్టరా, పంపా అని చూడదు. ఒక్కో వస్తువుకీ పైన చిన్న తొడుగు వేస్తాం. తొడుగు లోపల రెండు లైన్లు. షట్టరుకి సురక్షితం అంటే లేవడం. ఫ్యానుకి తిరగడం. లైటుకి వెలగడం. వస్తువులు మారవు. వాటికి చుట్టరికం కలపక్కర్లేదు. కాపలాకి కనపడేది తొడుగు మాత్రమే. ఆదేశాలు వచ్చే దారిని కాపలా దగ్గరికి మళ్ళిస్తే, పాత కాపీలు ఎన్నున్నా ఫైళ్ళలో పడి నిద్రపోతాయి."

తూనీగ ఒక్క క్షణం అతని వైపు చూసింది. "నా దగ్గర ఉద్యోగానికి రావాల్సింది నువ్వు," అంది.

"మూడో జీతం ఎందుకులెండి మేడమ్. ఏ వస్తువు ఏ మాట వింటుందో మీకు తెలుసు. చెప్పండి."

ఆమె చెబుతోంది, అతను టైపు చేస్తున్నాడు. షట్టరు, లైటు, ఫ్యాను, బారికేడు. ఇదే భవనంలోని లిఫ్టు కూడా ఆ నెట్‌వర్క్‌లోనే ఉంది, దానికీ ఒకటి వేశాడు. పంపు దగ్గర ఆమె ఆగింది.

"పంపుకి రివర్స్ అని పెట్టు."

దర్జీ చేతులు ఆగాయి. పంపు బయటికి తోడాలంటే ఫార్వర్డ్ అనాలి. ఎవరికైనా అలాగే తోస్తుంది. పంపులు బిగించినవాళ్ళు తలకిందులుగా బిగించారని, అందుకే రివర్స్ అంటేనే బయటికి తోడతాయని ఆమె అంటోంది. నిజం కావచ్చు. అబద్ధమైతే బావ మీదికి నది మొత్తం వస్తుంది. గ్యాసు ఆగితే చాలు ఆమెకి, పంపు ఎటు తిరిగితే ఏం?

"మేడమ్, గ్యాసు వాల్వుకీ ఈ గది తలుపుకీ తొడుగులు చివర వేస్తాను," అన్నాడు నెమ్మదిగా. "మా బావ దగ్గర నీళ్ళు తగ్గాక. ఇప్పుడు చెప్పండి. రివర్సా, ఫార్వర్డా?"

ఆమె పెదవి కొరుక్కుంది. "రివర్సే. ఒట్టు వేయమంటావా?"

"వద్దు. ఏ పేరు మీద వేస్తారో తెలీదు."

ఒక్క పంపుని మాత్రం కాపలా ద్వారా పంపి చూశాడు. వాచీలో బావ ఊపిరి బిగపట్టాడు. వ్యాను తలుపు దాకా వచ్చిన నీళ్ళు కాస్త ఆగినట్టున్నాయని చెప్పాడు. టీచరమ్మ టార్చి పట్టుకుని తలుపు మీద గోరుతో గీత గీసి చూస్తోందట. ఆమె గొంతు కూడా వినపడింది, నిదానంగా, బోర్డు ముందు నిలబడ్డట్టు. "నాయనా, పెరిగే వేగం తగ్గింది. పెరగడం ఆగలేదు. ఆ రెండూ ఒకటి కాదు."

అప్పుడే స్పీకరు మళ్ళీ మాట్లాడింది. కాంట్రాక్టరుకి పై నుంచి ఆ ఒక్క పంపు కనపడింది. ఈసారి అతను దర్జీతో మాట్లాడలేదు.

"మేడమ్, పొరపాటు నాదే. కీబోర్డు వైరు లాగెయ్యండి. తలుపు తీస్తాను. రెండు జీతాలూ నేనే ఇస్తాను."

తూనీగ కోటు జేబులోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత తిప్పింది. లోపల రంగు లేదు, సన్నటి గొట్టం ఉంది. అది దర్జీ పక్కటెముకలకి ఆనింది.

"ముందు తలుపు తియ్యండి," అంది పైకి చూస్తూ.

"తీశాను."

గదిలో ఏసీ ఒక్కసారిగా వేగం అందుకుంది. చల్లటి గాలి వాళ్ళ మొహాన కొట్టింది. తలుపు కదల్లేదు.

"తీశానండీ, వెళ్ళండి," అన్నాడు కాంట్రాక్టరు.

ఆమె ఊపిరి బిగబట్టి కిందికి దూకింది. తలుపు దాకా పరిగెత్తి పిడి పట్టి లాగింది. మళ్ళీ లాగింది. దగ్గుతూ, తడబడుతూ వెనక్కి వచ్చింది. దర్జీ చెయ్యి అందించి టేబుల్ మీదికి లాగాడు. ఆమె కళ్ళవెంట నీళ్ళు, అవి గ్యాసువో కోపానివో తెలీదు. లిప్‌స్టిక్ ఎత్తి స్పీకరుని కాల్చింది. కాంట్రాక్టరు ఇంకా ఏదో అంటూండగానే అతని గొంతు గరగరమని చచ్చిపోయింది.

దర్జీ స్క్రీన్ మీద తలుపు ఫైలు చూశాడు. ఏసీ కోడ్‌ని కాపీ కొట్టి అతికించారు. చివరి లైనులో తలుపు పేరు ఉండాల్సిన చోట ఏసీ పేరు ఉంది. కాంట్రాక్టరు మోసం చెయ్యలేదు. పాపం, నిజంగానే తలుపు తీశాడు, ఏసీ ఆన్ అయింది. ఆ ముక్క ఆమెకి చెప్పాల్సిన అవసరం దర్జీకి కనపడలేదు.

"మోసగాడు," అంది తూనీగ.

"అవును మేడమ్," అన్నాడు దర్జీ. "మిగతా పంపుల నంబర్లు చెప్పండి."

ఆమె గబగబా చెప్పింది. ఆపైన గ్యాసు వాల్వు, తలుపు. గడ్డం దాకా గాలి పలచబడింది. ఇద్దరూ కాలివేళ్ళ మీద నిలబడ్డారు. అక్షరాలు అతనికి రెండుగా కనపడుతున్నాయి. దారి మళ్ళించే లైను టైపు చేశాడు. కాపలా ముందుకి అన్ని వస్తువులూ తొడుగులతో వరసగా వచ్చాయి. సురక్షితం, అని ఒక్క ఆదేశం ఇచ్చాడు.

గ్యాసు బుస ఆగింది. స్టీలు తలుపు తాళం బయటికి వచ్చింది. స్క్రీన్ల మీద సొరంగం లైట్లు ఒక్కోటీ వెలిగాయి. షట్టర్లు లేచాయి, ఈసారి లేచినవి దిగలేదు. ఎక్కడో ఒక మూల పాత కాపీలు నీళ్ళొచ్చాయి మొర్రో అంటున్నాయి. వాటి మాట వినేవాళ్ళు లేరు.

తూనీగ అప్పటికే గుమ్మం దగ్గర ఉంది. "రావా?" అంది.

దర్జీ వెళ్ళబోయాడు. వాచీ మాట్లాడింది.

"బామ్మర్దీ." బావ గొంతులో మొదటిసారి నవ్వు లేదు. "షట్టరు లేచింది. కానీ వ్యానుకి ముందు ఇంకో ఇనప గేటు పడి ఉంది. పాతది. వెనక కూడా అలాంటిదే. మధ్యలో మేము. పంపులు గేటు అవతల తోడుతున్నాయి, మా దగ్గర గోడలోంచి నీళ్ళు వస్తూనే ఉన్నాయి. ఇంజను చచ్చిపోయింది. టీచరమ్మని టాపు మీద కూర్చోబెట్టాను. నేను మెడ దాకా ఉన్నాను."

అది సొరంగం కట్టిన రోజుల్లో పెట్టిన వరద గేటు. నీళ్ళు పెరిగితే తేలే బంతితో దానంతటదే పడుతుంది. కాంట్రాక్టరుకి కూడా గుర్తులేని వస్తువు. దర్జీ తెరిచి ఉన్న తలుపు వైపు చూడకుండా మళ్ళీ కీబోర్డు అందుకున్నాడు. గదిలో గాలి ఇంకా పలచగానే ఉంది.

నెట్‌వర్క్ చివర పేరు లేని ఆబ్జెక్ట్ ఒకటి దొరికింది. నీకేం చేతనవునని అడిగితే రెండే చెప్పింది. బరువు ఎత్తు. బరువు వదులు. తెరువు అనే మాట దానికి తెలీదు.

"మేడమ్, ఇది?"

తూనీగ గుమ్మంలోంచి తల అడ్డంగా ఊపింది. తనకి తెలీదని ఆమె నిజం చెప్పడం అదే మొదలేమో. తల ఊపి, వెళ్ళిపోయింది. సిల్కు చప్పుడు మెట్ల మీద వినపడకుండా పోయింది.

తప్పు మాట ఎంచుకుంటే గేటు ఇంకా బిగుసుకుంటుంది.

"బావా, గేటు మీద ఏముందో చూడు. గొలుసు కానీ, బరువు కానీ."

నీళ్ళ చప్పుడు. బావ ఉమ్మేశాడు. "పైన గిలక. గొలుసుకి ఇటు గేటు, అటు పెద్ద ఇనప దిమ్మ. దిమ్మ పైన కొక్కేనికి తగులుకుని ఉంది."

దిమ్మ పైన ఉంటే గేటు కింద. దిమ్మ పడితే గేటు లేస్తుంది.

పాత పద్ధతైతే ఇప్పుడు ఆ తనిఖీ ముక్కంతా మళ్ళీ కాపీ కొట్టి, దీని పేరు పెట్టి, ఎక్కడా మర్చిపోలేదని సరిచూసుకోవాలి. దర్జీ వేళ్ళలో అంత బలం లేదు. రెండు లైన్లకి ఉంది. సురక్షితం అంటే బరువు వదలడం. తొడుగు వేసి కాపలా ముందు నిలబెట్టాడు. కాపలా దాన్ని నువ్వెవరని అడగలేదు.

వాచీలో నీళ్ళ శబ్దం తప్ప ఏమీ లేదు. "బావా," అన్నాడు.  టీచరమ్మ ఎవరినో జుట్టు పట్టుకుని పైకి లాగుతున్నట్టు, తల ఎత్తు నాయనా తల ఎత్తు అంటోంది. ఆ వెనకే ఇనుము ఇనుముని కొట్టిన మోత. గొలుసు పరిగెత్తిన చప్పుడు. ఆపైన నది పక్కదారి పట్టిన హోరు.

చాలాసేపటికి ఎవరో దగ్గారు.

"బామ్మర్దీ," అన్నాడు బావ. "ఈ ఉద్యోగానికి యూనిఫాం ఇచ్చారు. ఈత నేర్పించలేదు."

దర్జీ టేబుల్ మీదే కూలబడ్డాడు. ఊడిన మీసం కీబోర్డు మీద పడింది.

* * *

పెద్దాయన మనుషులు భవనం చుట్టుముట్టేసరికి కాంట్రాక్టరు పారిపోవడానికి లిఫ్టు ఎక్కి ఉన్నాడు. మేడ మీదికి బటన్ నొక్కాడట, అక్కడ హెలికాప్టరు ఉంది. లిఫ్టుకి సురక్షితం అంటే కింది అంతస్తుకి వచ్చి తలుపులు తెరవడం. తలుపులు తెరుచుకునే చోట పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. తూనీగ దొరకలేదు. ఆమె జీతం ఆపాలా వద్దా అన్నది పెద్దాయనకే తేలలేదు. టీచరమ్మ తడిసిన శాలువాతోనే కోర్టుకి వెళ్ళి, చెప్పాల్సిన పేర్లన్నీ వరసగా చెప్పింది.

సొరంగం బయట ఎండలో బావ చొక్కా పిండుకుంటున్నాడు. దర్జీ వెళ్ళి పక్కన కూర్చున్నాడు.  బావ మెడ మీద టీచరమ్మ గోళ్ళ గీతలు ఎర్రగా ఉన్నాయి. దర్జీ వాటి వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"మీ అక్కకి ఏం చెబుదాం?" అన్నాడు బావ.

"వ్యాను చెడిపోయింది, వాన నీళ్ళలో తోశాం అని చెబుదాం. ఒకటే కథ. నువ్వొకటి నేనొకటి అల్లితే ఎక్కడో పేరు మార్చడం మర్చిపోతాం."

"వాన పడలేదుగా?"

"అయితే పైపు పగిలింది."

దారి పొడుగునా అదే కథని అటు నుంచీ ఇటు నుంచీ తిప్పి చెప్పుకున్నారు. పైపు ఎక్కడ పగిలింది, వ్యానుని ఎవరు తోశారు, గీతలు ఎలా పడ్డాయి. ఎక్కడా అతుకు కనపడలేదు. శత్రుదేశం మొత్తం వచ్చి అడిగినా నిలబడే కథ అది.

అక్క తలుపు తీసింది. ఇద్దరినీ పైనుంచి కిందిదాకా చూసింది. తమ్ముణ్ణి వంటింట్లోనూ మొగుణ్ణి ముందు గదిలోనూ కూర్చోబెట్టి, మధ్య తలుపు వేసింది.